నాగలికి తగిలిన వెండి గిన్నెలు

పొలము దున్నుచుండగా నాగలి కఱ్ఱుకు ఏదో తగిలి ఖంగుమన్నదనియు, మట్టి తీసి చూడగా లంకెబిందెలు కనబడినవనియు చెప్పుకొనెడి మాటలు మన గ్రామములలో తరచుగా వినవచ్చును. వానిలో పెక్కు కట్టుకథలే. కాని ఒక్కొక్కప్పుడు అట్టివి నిజముగానే జరుగును. 1830వ సంవత్సరము మార్చి నెలలో ఫ్రాన్సు దేశమున ఒక రైతునకు ఇట్లు దొరికిన వెండి పానపాత్రల వృత్తాంతమును ఈ నెల వివరింపదలచితిమి. ఎక్కడి ఫ్రాన్సు, ఎక్కడి మన ఊరు అని పాఠకులు అనుకొనవచ్చును. ఆ పాత్రలు భూమినుండి వెలువడిన తీరును, అవి మూసలో కరగిపోక నిలిచినందున ఆ రైతునకు కలిగిన లాభమును మన రైతులు కూడ తెలిసికొనదగినవే.

ఫ్రాన్సు ఉత్తర భాగమున నార్మండీ అను సీమ కలదు. పాడికిని ఆపిలు తోటలకును పేరుపడిన ప్రాంతమది. అందు బెర్తువిల్ అను గ్రామమునకు చేరిన చిన్న పల్లె విల్లెరె. ప్రోస్పెర్ తోరెన్ అను రైతు అక్కడ తన పొలమును దున్నుచుండగా నాగలి ఒక పెంకును తాకెను. అది మన ఇండ్లపై నేయు పెంకు వంటిది కాదు. పూర్వము రోమనులు వాడిన వెడల్పాటి కాల్చిన మట్టి పలక. దానిని పెకలించి చూడగా దిగువ వెండి వస్తువులు పోగుపడియుండెను. గిన్నెలు, కూజాలు, గరిటెలు, పళ్లెములు, రెండు దేవతా విగ్రహములు, ఊడిపోయిన పిడులు మొదలగునవి అన్నియు కలిసి దాదాపు 90 వరకు తేలినవి. మొత్తము తూకము సుమారు 25 కిలోగ్రాములు. మన పాత తులములలో చెప్పవలెనన్న 2,140 తులములకు పైమాట. ఇంత సొత్తు పాతాళమున లేదు. కఱ్ఱు అందెడి లోతుననే ఉండెను. ఎన్ని తరముల రైతులు ఆ నేలపై నడచిరో, ఎన్ని సాళ్లు దానికి రవంత పైగా సాగిపోయెనో ఊహించుకొనవలసినదే.

ఈ వెండి ఎవరిది? దీనికి ఆ పాత్రలే సమాధానము చెప్పినవి. దాదాపు రెండువేల యేండ్ల క్రిందట నేటి ఫ్రాన్సు దేశము గాల్ అను పేరుతో రోము సామ్రాజ్యమునకు లోబడియుండెను. రోమనులు కొలుచు దేవతలలో మెర్క్యురీ ఒకడు. వర్తకులకును బాటసారులకును అతడు ఇలవేలుపు వంటివాడు. బెర్తువిల్ దగ్గర అతనికి ఒక ఆలయముండెను. భక్తులు మ్రొక్కుకొని, కోరిక తీరిన పిమ్మట వెండి పాత్రలను అతనికి సమర్పించెడివారు. మనవారు స్వామికి వెండి కళ్లు, గొడుగులు, శఠగోపములు చేయించి ఇచ్చుట వంటిదే ఇది. పాత్రలపై దాతల పేర్లు చెక్కబడియున్నవి. అన్నింటిలోను మేలైన తొమ్మిది పాత్రలపై క్వింటస్ డొమిషియస్ టూటస్ అను రోమను గృహస్థుని పేరును, మ్రొక్కు చొప్పున మెర్క్యురీకి ఇచ్చితినను మాటయు కలవు. తక్కిన వానిపై ఆ ప్రాంతపు గాల్ జాతివారి పేర్లున్నవి. వారిలో స్త్రీలును కలరు. ధనికుడు నగిషీ గిన్నెలనిచ్చెను, లేనివారు సాదా గరిటెనో చిన్న గిన్నెనో ఇచ్చుకొనిరి. అన్నియు ఒకే గోతిలో చేరినవి. సామ్రాజ్యమున కలతలు రేగిన కాలమున ఆలయమువారు స్వామి సొత్తును భూమిలో దాచియుందురని పండితుల ఊహ. దాచినవారు తిరిగివచ్చి తీసికొనలేదు.

1861లోను, మరల 1896లోను ఆ పొలములో త్రవ్వకములు జరిపిరి. ఆలయపు పునాదులును, ప్రజలు కూర్చుండి ఆటపాటలు చూచుటకు కట్టిన రంగశాల పునాదులును బయల్పడెను. నాగలికి తగిలిన ఒక పెంకు మూలమున, మరుగుపడిన ఒక పుణ్యక్షేత్రము లోకమునకు తెలియవచ్చెను.

ఇక ఆ పానపాత్రలను గూర్చి కొంత చెప్పవలసియున్నది. వానిలో జంటగా నున్న రెండు గిన్నెలు మిక్కిలి ప్రసిద్ధములు. రెండు ప్రక్కల పిడులు కలిగి, రెండు చేతులతో ఎత్తి త్రాగుటకు వీలైనవి. ద్రాక్షసారాయము రోమనులకు నిత్యపానము. దానిని నీటితో కలిపి త్రాగెడివారు. ఈ గిన్నెల చుట్టును గ్రీకు పురాణములలోని వింత ప్రాణులు తీర్చబడియున్నవి. నడుము వరకు మనిషి, అటు తరువాత నాలుగు కాళ్ల గుఱ్ఱము. మన కిన్నరుల ముచ్చట విన్నవారికి ఈ కల్పన క్రొత్త కాదు. వాని వీపులపై రెక్కలుగల బాలురు ఎక్కి ఆడుకొనుచుందురు. గుఱ్ఱపు డొక్క కండలు, గడ్డపు వెండ్రుకలు, బాలుని బుగ్గలు వెండిలో ఉబ్బి, గిన్నె గోడ విడిచి మనవైపు వచ్చుచున్నట్లు కనబడును. అక్కడక్కడ బంగారు పూత కలదు. ఇవి క్రీస్తు శకము మొదటి శతాబ్దమునాటి పనియని నిర్ణయించిరి.

వెండి రేకు ఇట్లు బొమ్మలుగా ఎట్లు లేచినది? ఈ ప్రశ్నకు సమాధానము చూడదలచినవారు జనగామ జిల్లా పెంబర్తి గ్రామమునకు పోయినను చాలును. అక్కడి విశ్వకర్మలు ఇత్తడి రేకును లక్క పరుపుపై నిలిపి, రకరకముల ఉలులతో వెనుకనుండి కొట్టి బొమ్మను ఉబ్బించి, మరల ముందునుండి సన్నని రేఖలు దిద్దుదురు. ఆలయ ద్వారములకు, వాహనములకు, ధ్వజస్తంభములకు తొడుగులు ఇట్లే సిద్ధమగును. రోమను పనివాడును ఇదే విధముగ చేసెను. వెండి దిమ్మెను కాచి, సాగగొట్టి, మరల కాచి గిన్నెగా మలచును. మెత్తగా లొంగెడి జిగురు పదార్థము ఆధారముగా పెట్టి, వెనుకనుండి గుద్ది బొమ్మను లేపును. రేకు తెగకుండ ఎంతవరకు లేపవచ్చునో చేతికి తెలియవలెను. ఒక దెబ్బ ఎక్కువైనచో నెలల శ్రమ వ్యర్థము.

ఇందు ఒక చిక్కు కలదు. వెలుపల ఉబ్బిన ప్రతి చోటను లోపల గుంట పడును. అట్టి గుంటలలో సారాయము నిలుచును, మడ్డి పేరుకొనును, తోముటకు చేయి ఆడదు. అందువలన పనివాడు లోపల మరియొక నునుపైన గిన్నెను అమర్చి అంచులు కలిపెను. కావున ఈ పాత్ర చూపునకు ఒక్కటియైనను నిజమునకు రెండు: చూచుటకు ఒకటి, త్రాగుటకు ఒకటి. చూడముచ్చటైన వస్తువును వాడుకకు కూడ అనువుగా చేయవలెనను ఈ ఇంగితము మాకు బొమ్మలకంటె ఎక్కువ మెచ్చదగినదిగా తోచును. ఇంట్లో గిన్నెలు తోమెడి తల్లులు ఈ మాటను వెంటనే గ్రహింతురు.

తోరెన్ చేతికి వచ్చిన ఈ వెండి కథ సులభముగా వేరొక విధముగ ముగిసియుండవచ్చును. దగ్గరి పట్టణమున కంసాలి కలడు, కొలిమి కలదు. వెండి ఎట్లున్నను వెండియే కదా! ఆనాటి ఫ్రాన్సు చట్టము ప్రకారము తన భూమిలో తనకు దొరికిన నిధి భూస్వామిదే. అతనిని అడ్డగించువారు లేరు. కాని నిధి సంగతి చదువుకొన్నవారి చెవిని పడెను. ఆ ప్రాంతపు చరిత్ర పరిశోధకుడు ఆగస్ట్ ల ప్రెవో పాత్రలను శ్రద్ధగా పరిశీలించి, 1832లో వానిని వర్ణించుచు గ్రంథము ప్రకటించెను. పారిస్ నగరమున నాణెములను పురాతన వస్తువులను భద్రపరచు ప్రభుత్వ భాండాగారము నిధిని 15,000 ఫ్రాంకులకు కొనెను.

ఈ మొత్తము చాల తక్కువయని నేటి పండితులు వ్రాయుదురు. పురావస్తువుల నేటి ధరలతో పోల్చినచో నిజమే. కాని రైతు పక్షమున నిలిచి లెక్క వేసి చూతము. ఆనాటి ఫ్రాంకు వెండి నాణెము. దాని తూకము 5 గ్రాములు, అందు పదింట తొమ్మిది పాళ్లు మేలిమి వెండి. 15,000 ఫ్రాంకులనగా 75 కిలోల వెండి నాణెములు. అందలి మేలిమి 67 కిలోలకు మించును. తోరెన్ ఇచ్చినది 25 కిలోల వెండి. అనగా కంసాలి త్రాసునకు పోయినచో వచ్చు సొమ్మునకు రెండున్నర రెట్లకు మించి ఆ రైతునకు ముట్టినది. తరుగు తీయువారు లేరు, మసి పట్టినదని వెల తగ్గించువారు లేరు. పనితనమునకును ప్రాచీనతకును కట్టిన వెల అది.

కరిగించియున్నచో పోయెడిది సొమ్ము మాత్రమే కాదు. టూటస్ పేరు, గాల్ స్త్రీల పేర్లు, ఆలయపు జాడ ఇవన్నియు పొగతోపాటు పోయెడివి. వెండి దిమ్మె ఏ కాలపుదో, ఎవ్వరిదో ఎవ్వరును చెప్పలేరు.

పాత్ర ఎక్కడ దొరికినదను సంగతి సహితము పాత్రవలెనే విలువైనది. దీనికి మరియొక ఉదాహరణము చూపెదము. డెన్మార్కు దేశమున లోలాండ్ అను ద్వీపము కలదు. అక్కడి హోబీ గ్రామమున 1920లో ఒక ప్రాచీన సమాధి బయల్పడగా అందు రెండు వెండి పానపాత్రలు దొరికినవి. ఒకదానిపై గ్రీకుల ట్రాయి యుద్ధ కథలోని ఘట్టము కలదు: కొడుకును చంపిన శత్రువు ఎదుట వృద్ధుడైన రాజు మోకరిల్లి, చంపిన ఆ చేతినే ముద్దాడి, కుమారుని శవమును ఇమ్మని వేడుకొనుచున్నాడు. పాత్ర చేసిన శిల్పి తన పేరు కైరిసోఫోస్ అని గ్రీకు లిపిలో వ్రాసికొనెను. అడుగున సిలియస్ అను రోమను పేరు గీయబడియున్నది. క్రీస్తు శకము 14 నుండి 21 వరకు రైను నదీతీరమున రోమను సేనలకు అధిపతిగా నున్న గేయస్ సిలియస్ ఇతడే కావచ్చునని చరిత్రకారులు తలచుచున్నారు.

డెన్మార్కు ఏనాడును రోమునకు లోబడలేదు. రోమను అధికారి పాత్రలు ఆ ఉత్తర ద్వీపపు నాయకుని సమాధిలోనికి వచ్చుట వలన, సరిహద్దు ఇరువైపులవారికిని స్నేహ సంబంధములో, కానుకల రాకపోకలో ఉండెనని తెలియుచున్నది. అవే పాత్రలు ఏ సంతలోనో జాడ లేకుండ అమ్ముడుపోయియున్నచో, అవి అందమైన గిన్నెలుగా మిగిలియుండెడివే గాని ఈ సంగతి చెప్పగలిగియుండెడివి కావు.

రోమనుల వర్తకము మన గడ్డకును వచ్చినది. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో రోమను వెండి నాణెముల రాశి దొరికినది. సాగరు జలాశయము క్రింద మునిగిన నాగార్జునకొండ లోయలో, ఇక్ష్వాకు రాజుల కాలపు కట్టడములలో, ఒక రాతి స్తంభముపై చిత్రమైన మూర్తి కలదు. పలుచని గడ్డము, వస్త్రము లేని ఛాతి, చేతిలో కొమ్ము ఆకారపు పానపాత్ర, ప్రక్కన మద్యపు భాండము. ఆ కొమ్ముపాత్రయు ఆ వాలకమును గ్రీకు రోమనుల మధుదేవతను తలపించుచున్నవని పండితులు వ్రాసియున్నారు. కృష్ణా తీరపు శిల్పి ఆ రూపమును వినికిడిచే చెక్కెనో, వర్తకులు తెచ్చిన పాత్రపై చూచి చెక్కెనో చెప్పగల సాక్ష్యము మట్టిలోనే ఉండవలెను. అది ఏ పొలములో, ఎవరి నాగలికి తగులునో!

కావున, మన పొలములో ఇట్టిది దొరికినచో చేయవలసినదేమి? దీనికి 1878 నాటి నిధుల చట్టము కలదు. భూమిలో దాగియుండి దొరికిన వస్తువు విలువ పది రూపాయలకు మించినచో, దొరికినవాడు ఆ సంగతిని వ్రాతమూలకముగా కలెక్టరుకు తెలియజేయవలెను. దొరికిన వస్తువులేవి, వాని విలువ సుమారెంత, ఎక్కడ, ఏ తేదీన దొరికినవి అను విషయములు అందు వ్రాయవలెను. వస్తువులను సమీపమునగల ప్రభుత్వ ఖజానాలో అప్పగించవలెను. లేదా అడిగినప్పుడు హాజరుపరచెదనని హామీ ఇయ్యవలెను. మండల తాసిల్దారును కలిసినచో మార్గము చెప్పుదురు. పిమ్మట కలెక్టరు ప్రకటన చేసి, ఆ సొత్తుపై హక్కు చెప్పుకొనువారెవరైనను కలరేమో విచారింతురు. నూరేండ్లలోపల దాచినవారి వారసులు ముందుకు వచ్చినచో ఆ తగవు సివిలు కోర్టులో తేలును. అట్లు ఎవ్వరును లేనిచో, వేరుగా ఒప్పందము లేని పక్షమున, దొరికినవానికి నాలుగింట మూడు వంతులును భూమి యజమానికి ఒక వంతును చెందును. కూలికి వచ్చి పలుగు పట్టినవాడు సహితము ఈ హక్కునకు అర్హుడే. ఈ మాట చాలమందికి తెలియదు.

ప్రభుత్వము తానే ఆ వస్తువులను ఉంచుకొనదలచినచో, లోహపు విలువకు తోడు అందు ఐదవ వంతు అధికముగా చెల్లించవలెను. తోరెన్ పొందిన దానితో పోల్చినచో ఇది ఉదారమైన లెక్క కాదు. పనితనమునకు వెల కట్టుటలో నాటి పాలకులు చేయి బిగించిరనియు, ఈ ఒక్క నిబంధన పునరాలోచింపదగినదనియు మా అభిప్రాయము. కాని దీనిని సాకుగా చేసికొని దాచువారు పోగొట్టుకొనునది ఇంతకంటె చాల ఎక్కువ. తెలియపరుపక దాచినను, గుర్తు తెలియకుండునట్లు మార్చినను వారి వాటా ప్రభుత్వమునకు చెందును. ఏడాది వరకు ఖైదో, జరిమానాయో, రెండునో పడవచ్చును. కరిగించుటకంటె గుర్తు మార్చుట వేరే ఏమున్నది? రాత్రివేళ రహస్యముగా కొనువాడు ఈ సంగతి బాగుగా ఎరిగినవాడే. అందుచేతనే సగము ధర కూడ ఇయ్యడు. అడుగుటకు అమ్మినవానికి నోరుండదు.

నిధి దొరికినదని చెప్పినచో పొలమునే సర్కారు లాగుకొనునను భయము గ్రామములలో కలదు. ఈ చట్టములో నిధిని గూర్చియే గాని భూమిని తీసికొనుటను గూర్చిన నిబంధన లేదు. అట్లే, నిధికి బలి ఇయ్యవలెననియు, మంత్రగాడు లేనిదే అది బొగ్గులగుననియు చెప్పి సొమ్ము గుంజువారిని దగ్గరకు రానీయరాదు. బెర్తువిల్‌లో వెండి పదునారు వందల యేండ్లకు పైగా మట్టిలో ఉండి వెండిగానే వెలువడెను.

దొరికిన పాత్రను కడుగరాదు, తోమరాదు, వంగినచోట సరిచేయబూనరాదు. మట్టిలో నానిన వెండి పెళుసెక్కియుండును. చేతి ఒత్తిడికే విరుగును. మసి పొర క్రింద అక్షరములుండవచ్చును, బంగారు పూత ఉండవచ్చును. బెర్తువిల్ పాత్రలను 2010లో అమెరికాలోని గెట్టీ మ్యూజియమునకు పంపగా, అక్కడి నిపుణులు వానిని శుభ్రపరచుటకు నాలుగేండ్లు పట్టెను. చేతిలో అన్ని సాధనములున్నవారికే నాలుగేండ్లు పట్టిన పనిని మనము పీచుతో, బూడిదతో ఒక పూటలో ముగింపబూనుట తగదు.

భూమిలో దొరికినవి కాక, పెద్దలనుండి సంక్రమించిన వెండి చెంబులు, గ్లాసులు, మరచెంబులు ఎన్నియో ఇండ్లలో అటుకుమీదనో పెట్టెలోనో ఉన్నవి. వీనికి నిధి చట్టము వర్తింపదు. ఇంటి సొత్తు ఇంటివారిదే. అయితే 1972 నాటి పురావస్తు చట్టము ప్రకారము నూరేండ్లు దాటిన కళావస్తువులను ప్రైవేటు వ్యక్తులు విదేశములకు పంపరాదు. లైసెన్సు లేనిదే అట్టివానితో వ్యాపారము చేయరాదు. పాత వెండికి క్రొత్త సామాను ఇచ్చెదమని గడపకు వచ్చువారు నగిషీకి దమ్మిడీ కట్టరు, పైగా మడ్డియని, అతుకు లోహమని తరుగు తీయుదురు. అమ్మక తప్పని అవసరము ఏ ఇంటికైనను రావచ్చును. అప్పుడు సహితము ముందుగా పాత్రను నాలుగు వైపుల ఫొటో తీయించి, అడుగున ఎవరి పేరైనను చుక్కలుగా పొడిచియున్నదేమో చూచి వ్రాసికొనవలెను. పాత్రలపై చుక్కచుక్కగా పేర్లు పొడిపించుట మనకే కాదు, రోమనులకును అలవాటే. చేసిన ఊరు, చేయించిన సందర్భము ముసలివారికి తెలిసినచో అడిగి తెలిసికొని ఆ కాగితమును పాత్రతోపాటు ఉంచవలెను.

వాడుకలోనున్న నగిషీ పాత్రను ఇసుకతోను బూడిదతోను తోమినకొలది బొమ్మల ముక్కు, కన్ను అరగిపోవును. కుంకుడు రసముతో కడిగి, మెత్తని గుడ్డతో తడి లేకుండ ఒత్తి, పాత నూలుబట్టలో చుట్టి పెట్టిన చాలును. వెండి నల్లబడుట గాలిలోని గంధకపు అంశము వలన. ఉన్నిబట్టయు రబ్బరును ఆ నలుపును హెచ్చించును. కావున వెండిని వానితో కలిపి ఉంచరాదు.